రాళ్లు పడ్డ ఇల్లు, పేరు పెట్టిన నోరు

(గ్రామ కార్యదర్శులు, ఆశా కార్యకర్తలు, ఉపాధ్యాయుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత క్లాసు, పైగా దెయ్యాల గురించి. ఎవరూ కునుకు తీయకూడదనే ఈ టైము ఇచ్చినట్టున్నారు. (నవ్వులు)

దెయ్యాలు ఉన్నాయా లేవా అన్న వాదన ఇవాళ పెట్టుకోను. ఆ వాదనలో నెగ్గినా ఊళ్లో ఒక్కరి భయం కూడా పోదు. రాత్రిపూట ఇంటి మీద రాళ్లు పడతాయి. కిటికీ అవతల ఎవరో నిలబడ్డట్టు ఉంటుంది. బాగున్న పిల్ల ఉన్నట్టుండి అరవడం మొదలుపెడుతుంది. ఇలాంటివాటికి జనం స్టేషనుకి పోరు, ముందు మీ దగ్గరికే వస్తారు. ఆశమ్మ దగ్గరికి, పంతులు దగ్గరికి, కార్యదర్శి దగ్గరికి. వచ్చేసరికి జరిగింది గోరంత, అనుకున్నది కొండంత అయి ఉంటుంది. ఇంకో పూట గడిస్తే అందులోకి ఎవరిదో ఒక పేరు వచ్చి చేరుతుంది. "ఇదంతా ఫలానా ఆమె పనే" అని. ఆ పేరు పడేలోపు మీరేం చెయ్యాలన్నదే ఇవాళ్టి మాట.

మొదట కావలసింది ఒక నోటుపుస్తకం. పేజీకి నాలుగు గడులు గీయండి. ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరు స్వయంగా చూశారు లేదా విన్నారు, ఆ నిమిషంలో ఇంట్లో మిగతావాళ్లు ఎవరెవరు ఎక్కడున్నారు. ఈ నాలుగో గడి చాలామంది వదిలేస్తారు, సగం కేసులు తేలేది మాత్రం అక్కడే. టైము అడిగితే అందరూ "రాత్రి పన్నెండింటికి" అంటారు. అది గడియారం చూసి చెప్పే మాట కాదు, అలవాటు మాట. "ఫోన్ చూశావా? టీవీలో ఏం వస్తోంది? కరెంటు పోయి ఎంతసేపయింది?" అని అడిగితే అసలు టైము బయటపడుతుంది.

ఇంట్లో నలుగురుంటే నలుగురినీ విడివిడిగా అడగాలి. ఒకచోట కూర్చోబెట్టి అడిగితే గట్టిగా మాట్లాడేవాడు చూసిందే మిగతా ముగ్గురూ చూసినట్టు గుర్తుపెట్టుకుంటారు. వాళ్లు అబద్ధమాడుతున్నట్టు కాదు, మనిషి జ్ఞాపకం అలాగే పనిచేస్తుంది. మీ ప్రశ్నలో కూడా జవాబు దొర్లకూడదు. "తెల్లచీరతో కనపడిందా?" అని అడిగారంటే ఇక ఆ రాత్రి నుంచి ఊరంతా తెల్లచీరే. "ఏం కనపడింది? నీకన్నా ఎత్తా, పొట్టా? ఎటు పోయింది? ఎంతసేపు?" అంతవరకే. వాళ్లు చెప్పిన మాటలు చెప్పినట్టే రాయండి. మీరు వాటిని బాగుచేసి రాయొద్దు.

ఇక రాళ్ల సంగతి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏడాదికోసారైనా ఏదో ఒక ఊరి నుంచి ఈ వార్త పేపర్లో వస్తుంది. ఇంటి మీద రాళ్లు పడుతున్నాయి, విసిరేవాళ్లు కనపడటం లేదు అని. మీరు వెళ్లగానే రాళ్లు ఏరి పారేయకుండా ఆపండి. ఒక్కో రాయి మీద సుద్దముక్కతో నంబరు వేసి, పడిన చోటు నేల మీద అదే నంబరు వెయ్యండి. ఆ తర్వాత రాయి ఏ రకమో చూడండి. రోడ్డుకి వేసే కంకరా, వాగులో గులకరాయా, పెంకు ముక్కా, ఇటుక బెడ్డా? ఊళ్లో ఆ రకం కుప్ప ఎక్కడెక్కడుందో తిరిగి చూసి రండి. సాయంత్రం చీకటి పడ్డాక, ఎవరికీ చెప్పకుండా, ఆ కుప్పల మీద సున్నపు నీళ్లు చల్లించండి, ఒక్కో కుప్పకు ఒక్కో గుర్తు. రాత్రి పడ్డ రాయి మీద సున్నం మరక ఉంటే అది ఏ కుప్పదో మీకు తెలిసిపోయినట్టే. ఇంటి వెనక, పిట్టగోడ పొడుగునా ముగ్గుపిండి పల్చగా చల్లితే పొద్దున్నే అడుగులు చదవొచ్చు. ఇంతకన్నా చవకైన సీసీ కెమెరా లేదు.

చేత్తో విసిరిన రాయి నలభై యాభై మీటర్లు సునాయాసంగా వస్తుంది. ఉండేలుతో కొడితే ఇంకా దూరం నుంచి. అందుకని వాకిట్లో వెతికి "ఎవరూ లేరు" అనేస్తే లాభం లేదు. రాయి పడిన వాలు చూడండి. పెంకు పగిలితే ఏ వైపు అంచు నలిగింది, రేకు సొట్టపోతే సొట్ట ఏ వైపుకి సాగింది, గోడకు తగిలితే గీత ఎటు నుంచి ఎటు. అన్ని గీతలూ ఒకే దిక్కు చూపిస్తే ఆ దిక్కులో మేడ, చెట్టు, గడ్డివాము ఏదుందో చూడాలి. కప్పు సలక్షణంగా ఉండి, గది లోపల రాయి పడిందంటే అది లోపలి చెయ్యే.

కాపలా పెట్టేటప్పుడు ఊళ్లో తప్పెట కొట్టించకండి. కాపలా ఉందని తెలిసిన రాత్రి రాళ్లు పడవు. జనం దాన్ని "పోలీసులకు భయపడే దెయ్యం" అని నవ్వుకుంటారు, మర్నాడు మళ్లీ పడగానే భయపడతారు. ఇద్దరిద్దరు, ఒకరికొకరు కనపడేలా, ఇంటికి ఎదురెదురు మూలల్లో కూర్చోవాలి. ఒక ఫోన్‌ను ఛార్జర్‌కి పెట్టి, కదలకుండా కట్టి, ఇంటి లోపలి వసారా కనపడేలా వీడియో పెట్టండి. బయట కెమెరాలు పెట్టి లోపల పెట్టకపోవడం మామూలుగా జరిగే పొరపాటు.

తేలాక ఏమవుతుంది? రెండే రకాలు ఎక్కువ. ఒకటి, ఆ ఇల్లో, ఆ స్థలమో ఎవరికో కావాలి. అద్దెవాళ్లు ఖాళీ చెయ్యాలి, లేదా "దెయ్యాల కొంప" అని పేరుపడితే సగం ధరకి వస్తుంది. రెండోది, ఇంట్లోనే ఒక పిల్లో పిల్లాడో, కొత్త కోడలో. నోరు తెరిచి చెప్పుకోలేని కష్టం ఏదో ఉంటుంది. పెళ్లి ఇష్టం లేదు, బడి మాన్పించారు, చుట్టాల్లో ఎవడో చెయ్యి వేస్తున్నాడు. రాళ్లు పడ్డన్నాళ్లూ ఇల్లంతా మేలుకుని ఉంటుంది, నలుగురు వస్తారు, ఆ మనిషి రాత్రి దగ్గరికి రాలేడు. ఇలాంటి చోట "దొరికింది దొంగ" అని పదిమందిలో ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నారంటే మీరు చేసిన మేలు ఏమీ లేదు. పక్కకు తీసుకెళ్లి, ఆడవాళ్లు ఒకరు కూర్చుని, నెమ్మదిగా అడగాలి. పద్దెనిమిదేళ్ల లోపు అయితే పిల్లల సహాయ నంబరు 1098కి చెయ్యండి. ఊరికి చెప్పాల్సింది "కారణం తెలిసింది, ఇక పడవు" అన్నంత వరకే.

శబ్దాల గురించి త్వరగా చెప్పేస్తాను. రేకుల ఇంట్లో పొద్దుపోయాక టక్కు టక్కుమని చప్పుడు వస్తే లెక్క వేసి చూపించండి. ఆరు మీటర్ల ఇనుప రేకు పగటి ఎండ నుంచి ఒక పాతిక డిగ్రీలు చల్లబడితే దాదాపు రెండు మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. బోల్టు బిగుతుగా ఉన్నచోట రేకు కదలలేక ఆగి, ఆగి, ఒక్కసారి జారుతుంది. అదే చప్పుడు. పొద్దు కుంకిన రెండు మూడు గంటల్లో ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ ఉంటే రేకే. వాన రోజు అసలు లేకపోతే ఇక సందేహం అక్కర్లేదు. మోటారు ఆగిన వెంటనే గోడలో దబ్బుమంటే పైపులో నీళ్లు వెనక్కి కొట్టుకోవడం. అటక మీద నడిచినట్టు ఉంటే మానుపిల్లి. దాని రెట్టలో పండ్ల గింజలు కనపడతాయి, వెతకండి.

చిన్నపిల్ల గొంతు చించుకుని అరిచినట్టు అరుపు, తెల్లటి ముఖం, నిటారుగా నిలబడటం. గుడ్లగూబల్లో తెల్లముఖం రకం ఉంది, పాడుబడ్డ ఇళ్లలో, కట్టడం ఆగిన బిల్డింగుల్లో గూడు పెడుతుంది. 2017లో విశాఖపట్నంలో కడుతున్న భవనంలో దొరికిన దీని పిల్లల వీడియోనే "గ్రహాంతరవాసులు" అని దేశమంతా తిరిగింది. ఈకలు పూర్తిగా రాని పిల్లలు, రెండు కాళ్ల మీద నిటారుగా నిలబడి ఊగుతూ చూస్తాయి. చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది, అందులో తప్పేం లేదు.

ఒక్కోసారి చప్పుడు నిజంగానే భూమిలోంచి వస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ బోరబండలో జనం ఇళ్లు వదిలి రోడ్ల మీదికి వచ్చారు, కింద నుంచి పెద్ద శబ్దాలు అని. భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ వాళ్లు పరికరాలు పెట్టి చూస్తే చాలా చిన్న ప్రకంపనలు. భారీ వానలకు నీరు రాతి పగుళ్లలోకి దిగి ఒత్తిడి మారడం వల్ల వచ్చేవి. చిన్నవే గానీ భూమి పైపొరలో జరుగుతాయి కాబట్టి అదురు కన్నా మోత ఎక్కువ. ఇలాంటిది ఒక ఇంటికి పరిమితం కాదు. "పక్కింటివాళ్లకూ వినపడిందా?" అన్న ఒక్క ప్రశ్నతో ఇంటి గొడవ, భూమి గొడవ విడిపోతాయి.

ఇప్పుడు ఆశ అక్కలు, చెల్లెళ్లు బాగా వినాలి. బయట ఏమీ లేకుండా ఒంట్లోంచి వచ్చే భయాలు కొన్ని ఉన్నాయి.

మెలకువ వచ్చింది, కళ్లు తెరిచే ఉన్నాయి, కాలూ చెయ్యీ కదలవు, గుండె మీద ఎవరో కూర్చున్నట్టు బరువు, గది మూలలో ఎవరో ఉన్నారు. దీన్ని నిద్ర పక్షవాతం అంటారు. కలలు వచ్చే నిద్రలో మన కండరాలను మెదడు కట్టేసి ఉంచుతుంది, కలలో పరిగెత్తితే మంచం మీద పరిగెత్తకుండా. ఒక్కోసారి మెలకువ ముందు వస్తుంది, ఆ కట్టు తర్వాత విడుతుంది. ఆ మధ్య కొన్ని సెకన్లు, ఒక్కోసారి కొన్ని నిమిషాలు. వందలో సుమారు ఎనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా అవుతుంది. వెల్లకిలా పడుకుంటే, నిద్ర చాలకపోతే, షిఫ్టు డ్యూటీలు మారుతుంటే ఎక్కువ. పక్కకు తిరిగి పడుకోమని, రోజూ ఒకే టైముకి పడుకోమని చెప్పండి. వచ్చినప్పుడు మొత్తం ఒళ్లు కదపాలని పెనుగులాడకుండా, ఒక్క కాలివేలు కదపడానికి చూడమనండి. వారానికి రెండు మూడు సార్లు వస్తే, పగలు కూర్చున్నచోటే నిద్ర ముంచుకొస్తుంటే డాక్టరుకి చూపించాలి.

రెండోది బాలింత గది. తలుపులు మూసి, గుడ్డలు కుక్కి, మంచం కింద బొగ్గుల కుంపటి. సాంబ్రాణి పొగ అయితే కంటికి కనపడుతుంది. కుంపటి వదిలే కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, మత్తు, లేనిది ఉన్నట్టు అనిపించడం. విలియం విల్మర్ అనే అమెరికా కంటి డాక్టరు 1921లోనే ఒక కుటుంబం కథ రాశాడు. అడుగుల చప్పుడు, మంచం పక్కన మనుషులు, ఒళ్లంతా నీరసం, ఇల్లు దెయ్యాలదే అనుకున్నారు. చివరికి చూస్తే ఇంటిని వెచ్చబెట్టే కొలిమి చెడి, పొగంతా గదుల్లోకి వస్తోంది. బాగుచేశాక అన్నీ ఆగిపోయాయి. మన దగ్గర కుంపటి, తలుపులు మూసిన బాత్‌రూములో గ్యాస్ గీజరు, కరెంటు పోయినప్పుడు వరండాలో పెట్టిన జనరేటరు, ఈ మూడూ చూడండి. గుర్తు ఏమిటంటే ఇంట్లో ఒకరికి మించి తలనొప్పి ఉంటుంది, బయటికి వస్తే తగ్గుతుంది, లోపలికి పోతే మళ్లీ మొదలు. అలా ఉంటే ముందు మనుషుల్ని బయటికి తెచ్చి, తలుపులు తెరిచి, 108కి చెయ్యండి. భూతవైద్యుడొచ్చి అదే గదిలో ఇంకో పొగ వేస్తాడు. అది మీరు ఆపాలి.

బాలింతకే ఇంకొకటి. కాన్పు అయిన రెండు వారాల్లోపు నిద్ర పూర్తిగా పోతుంది. ఎవరో పిలుస్తున్నారంటుంది, బిడ్డ నాది కాదంటుంది, ఉన్నట్టుండి నవ్వు, ఉన్నట్టుండి కోపం. ఇంట్లోవాళ్లు "గాలి సోకింది" అంటారు. ఇది కాన్పు తర్వాత వచ్చే తీవ్రమైన మానసిక జబ్బు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది, మందులతో బాగవుతుంది. కానీ ఇది ఎమర్జెన్సీ. తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకూడదు, అదే రోజు ఆస్పత్రికి చేర్చాలి. దారిలో, రాత్రిలో సలహా కావాలంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలీమానస్ 14416కి చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. అత్తగారితో వాదన పెట్టుకోవద్దు. "తాయెత్తు కట్టండమ్మా, కట్టి ఆస్పత్రికి పోదాం" అనండి. తాయెత్తు వల్ల ఆలస్యం కాకపోతే దానితో మనకు గొడవ లేదు.

మంత్రగాళ్ల విద్యల మీద ఎక్కువసేపు ఉండను, జనవిజ్ఞాన వేదిక లాంటి సంఘాలు ఎన్నో ఏళ్లుగా ఊరూరా చేసి చూపిస్తున్నవే. నిమ్మకాయ కోస్తే రక్తం కారుతుంది. కత్తికి ముందే మందారపువ్వు రసం పూసి ఆరబెడతారు, నిమ్మ పులుపు తగలగానే ఎర్రబడుతుంది. పసుపు నీళ్లలో సున్నం పడితే పారాణి రంగు వస్తుంది, అది మన అమ్మలందరికీ తెలుసు, మంత్రగాడి ముందు మాత్రం మర్చిపోతారు. బట్టలు వాటంతట అవే అంటుకుంటే వాసన చూడండి. వెల్లుల్లి లాంటి ఘాటు, తెల్లటి పొగ ఉంటే భాస్వరం. దాన్ని చేత్తో ముట్టుకోకండి. నీళ్లు పోసి తడిగా ఉంచి, పోలీసులకు చెప్పండి. గోధుమరంగు, ఊదారంగు మరకలు ఉంటే పర్మాంగనేటు అనే రసాయనం కావచ్చు. ఏ బట్ట కాలింది, అక్కడికి చివరిసారి వెళ్లింది ఎవరు, ఇవి కూడా మళ్లీ ఆ నాలుగు గడుల్లోకే.

గుమ్మం ముందు నిమ్మకాయలు, కుంకుమ, జుట్టు, బొమ్మ కనపడితే? ఫొటో తీసి, చీపురుతో చేటలోకి ఎత్తి పారబోయండి. చేత్తో తియ్యొద్దు, సూదులు, గాజుపెంకులు గుచ్చి ఉంటాయి. చాలాసార్లు అది నాలుగుదారుల్లో ఎవరో దిష్టి తీసి వేసింది, కుక్క ఈడ్చుకొచ్చింది. "ఎవరు పెట్టారో" అన్న మాట మీ నోట రాకూడదు. ఎందుకంటే ఆ ప్రశ్నకు ఊళ్లో జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

ఇప్పుడు ఆ జవాబు దగ్గరికి వద్దాం. మెదక్, రంగారెడ్డి వైపు, సరిహద్దు దాటితే బీదర్, గుల్బర్గా వైపు దీన్ని బాణామతి అంటారు, మిగతాచోట్ల చేతబడి, చిల్లంగి. పేరు ఏదైనా వరస ఒకటే. ఒక చావు, ఒక జబ్బు, లేదా పశువు పడిపోవడం. కారణం తెలియదు. ఆస్పత్రి దూరం, ఖర్చు. సోది చెప్పేవాడు "మీ ఇంటికి తూర్పు దిక్కున, నల్లగా, ఒంటరిగా" అంటాడు. ఏ ఊళ్లోనైనా తూర్పున ఒంటరి ముసలమ్మ ఒకరుంటుంది. ఆ ఇంటితో గట్టు తగాదానో, అప్పు తగాదానో పాతది ఉండనే ఉంటుంది.

ఇక్కడ మంచి మనసుతో చేసే పెద్ద తప్పు "అందరినీ కూర్చోబెట్టి మాట్లాడదాం" అనడం. 2022 జనవరిలో జగిత్యాలలో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనూ మంత్రాల నెపంతో చంపింది కులసంఘం మీటింగులోనే. అనుమానించేవాళ్లు, అనుమానం పడ్డవాళ్లు ఒకే చోట చేరారంటే, అందులో నలుగురు తాగి వచ్చారంటే, దాన్ని ఆపే బలం మీ దగ్గర ఉండదు. గుళ్లో ప్రమాణం చేయించడమూ అంతే. ఆమె ప్రమాణం చేసిన వారంలో ఇంకో కోడి చచ్చినా మళ్లీ మొదలవుతుంది.

పేరు వినపడిన గంటలో చెయ్యాల్సింది మొదట ఆ మనిషిని కాపాడుకోవడం. కారణాలు వివరించడం తర్వాత. ఆ రాత్రికి వేరే ఊళ్లో కూతురి ఇంటికో, చుట్టాలింటికో పంపండి. 112కి చేసి, "ఫలానా ఊళ్లో మంత్రాల నెపంతో దాడి జరిగేలా ఉంది" అని స్పష్టంగా చెప్పండి. "గొడవగా ఉంది" అంటే పొద్దున వస్తారు. స్టేషన్లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. మహారాష్ట్రకు 2013లో, కర్ణాటకకు 2017లో చేతబడి పేరిట జరిగే ఆగడాల మీద ప్రత్యేక చట్టాలు వచ్చాయి. ఇక్కడ మీరు ఆధారపడేది పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత మీదే. బెదిరింపు, ఇంట్లోకి చొరబడటం, దాడి, ఇవన్నీ ఏ నెపంతో చేసినా నేరాలే. ఆ మర్నాడు జబ్బు పడ్డ ఇంటికి వెళ్లండి. రోగిని ఆస్పత్రికి చేర్చకుండా అనుమానం తీసెయ్యడం ఎవరివల్లా కాదు.

దీనికి పూర్తిగా తిరగబడ్డ కేసు ఒకటుంది, దాన్ని మనం తక్కువ పట్టించుకుంటాం. ఇంట్లో ఆడపిల్ల "రాత్రి కిటికీ దగ్గర ఎవరో ఉంటున్నారు" అంటుంది. "పిచ్చిదానా, భ్రమ" అంటాడు అన్న. "ఏదో గాలి" అంటుంది నానమ్మ, కిటికీకి వేపాకు కడుతుంది. అవతల నిలబడ్డది మాత్రం వెనకింటి మగాడు. దెయ్యం అన్న మాట వాడికి మంచి ముసుగు. కాబట్టి ఆ నాలుగు గడుల పుస్తకం ఈ పిల్లకు ఇంకా ఎక్కువ అవసరం. పగలు వెళ్లి కిటికీ కింద చూడండి. నేల తొక్కిడికి గట్టిపడిందా, బీడీ ముక్కలు, గుట్కా పొట్లాలు ఉన్నాయా, గోడ మీద చెయ్యి ఆనిన జిడ్డు మరక ఎంత ఎత్తులో ఉంది. పైకప్పు లేని స్నానాల గది ఉంటే ఆ పక్క మేడ మీద నుంచి ఏం కనపడుతుందో ఎక్కి చూడండి. మనిషి కదిలితే వెలిగే బల్బు బయట పెట్టించండి, పెద్ద ఖర్చు కాదు. ముగ్గుపిండి ఇక్కడా పనికొస్తుంది.

వెంటపడటం న్యాయ సంహిత 78వ సెక్షను, మొదటిసారికి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలు. చాటుగా చూడటం, ఫొటోలు తీయడం 77. మెసేజీలు వస్తే చెరిపెయ్యొద్దు. ఆ పిల్ల అసహ్యంతో వెంటనే చెరిపేస్తుంది, నంబరు బ్లాక్ చేస్తుంది. ముందు స్క్రీన్‌షాట్, అందులో తేదీ, నంబరు కనపడాలి, తర్వాతే బ్లాక్. మా పరిధి కాదని పంపించేస్తే జీరో ఎఫ్ఐఆర్ రాయమని అడగండి. ఏ స్టేషనైనా రాయాల్సిందే.

తలుపు తట్టినప్పుడు కూడా ఇంతే. గొళ్లెం తీసి "ఎవరు?" అనడం మన అలవాటు. అడిగి, లైటు బయట వేసి, చూసి, అప్పుడు గొళ్లెం. మీటరు చూడటానికి వచ్చామంటే ఊరి లైన్‌మన్‌కి ఫోన్ చేసి కనుక్కునేదాకా బయటే నిలబెట్టొచ్చు. నిజమైనవాడు విసుక్కుంటాడేమో గానీ పారిపోడు.

ఇక ఊరి పొలిమేరలో కొత్త మనిషి. 2018 మే నెల గుర్తుందా? పార్థీ అనే దొంగల ముఠా వచ్చింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు, అవయవాలు కోస్తున్నారు అని ఫోన్ ఫోన్‌కీ వచ్చింది. ఆ నెలలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. జులైలో బీదర్ జిల్లా ముర్కి దగ్గర, బడి పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన స్నేహితుల కారును దారి అడ్డగించి ఆపి కొట్టారు. హైదరాబాద్ యువ ఇంజనీరు ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. ఈ పుకార్లతో తిరిగిన వీడియోల్లో ఒకదాంట్లో, బైకు మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకునే పిల్లాణ్ని ఎత్తుకుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రకటన. చివర్లో పిల్లాణ్ని తిరిగి దింపి, అట్ట మీద సందేశం చూపిస్తారు. ఆ చివరి ముక్క కోసేసి పంపారు.

అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి చేసిన పని చూడండి. ఎండాకాలం బయట మంచాలు వేసుకుని పడుకునే ఊళ్లు సందెవేళకే తలుపులు బిగించుకుంటున్నాయని ఊళ్లకు కేటాయించిన కానిస్టేబుళ్లు గమనించారు. పోలీసులే ఊరూరా తిరిగారు, డప్పు పట్టి పాటలు కట్టి చెప్పారు, సర్పంచులను వాట్సాప్ గ్రూపుల్లోకి తీసుకున్నారు. పక్కన చావులు జరుగుతున్నా ఆ జిల్లాల్లో ఒక్క ప్రాణం పోలేదు. నా మటుకు నేను ఇందులో గొప్పగా అనుకునేది డప్పు కాదు. మంచాలు లోపలికి వెళ్లాయని ఒక కానిస్టేబులు చూడటం.

మీ ఊళ్లో కొత్త మనిషిని చుట్టుముట్టారనుకోండి. గుంపులో మొత్తం కొట్టరు, ఇద్దరు ముగ్గురు మొదలుపెడతారు. మీరు ఆ ముగ్గురితో వాదించకుండా, మీకు తెలిసిన నలుగురిని, వీలైతే ఆడవాళ్లను, ఆ మనిషి చుట్టూ నిలబెట్టండి. పంచాయతీ ఆఫీసో, బడో, తలుపు వేసుకునే గదిలోకి తీసుకుపోండి. చెట్టు నీడన కూర్చోబెట్టొద్దు, కట్టెయ్యనివ్వొద్దు. "పోలీసులకు చేశాను, బయలుదేరారు" అని గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పండి. మనిషికి నీళ్లివ్వండి. భాష రాకపోవడం, తడబడటం, పొంతన లేని జవాబులు, ఇవి నేరం గుర్తులు కావు. మతిస్థిమితం లేనివాళ్లు, వలస కూలీలు, బిచ్చమెత్తేవాళ్లే ఎక్కువగా ఇలా దొరుకుతారు. వీడియో తీసేవాణ్ని "నీ ముఖం కూడా పడుతోంది చూసుకో" అనండి, కొంత పనిచేస్తుంది. ఐదుగురు, అంతకు మించి కలిసి కులం, భాష, నమ్మకం లాంటి కారణాలతో చంపితే న్యాయ సంహిత 103వ సెక్షను రెండో భాగం కింద ఉరి లేదా యావజ్జీవం దాకా ఉంది. అక్కడ నిలబడ్డ కుర్రాళ్లలో చాలామందికి ఇది తెలియదు.

(శ్రోతల్లోంచి ఒక ప్రశ్న: సార్, ఇవన్నీ చూశాక కూడా కారణం తేలకపోతే?)

తేలవమ్మా కొన్ని. అప్పుడు పుస్తకంలో "కారణం తెలియలేదు" అని రాసి తేదీ వెయ్యండి. ఊరికి కూడా అదే చెప్పండి, మీ పరువేం పోదు. తెలియనిదానికి ఏదో ఒక శాస్త్రం పేరు అంటగట్టి నోరు మూయించాలని చూస్తే, అది తప్పని తేలిన రోజు మిమ్మల్ని మళ్లీ ఎవరూ పిలవరు. పుస్తకం మాత్రం ఇంకో పది రాత్రులు నడపండి. ఇంటి పెద్దకు కాకుండా ఇంట్లో చదువుకునే పిల్లకు అప్పగించండి, రాసే ఓపిక వాళ్లకే ఉంటుంది.

(మరొకరు: తాయెత్తు కట్టాక తగ్గిందంటే ఏం చెప్పాలి?)

"మంచిదే" అనండి. గొడవ తాయెత్తుతో కాదు, తాయెత్తు ఇచ్చినవాడు దాంతోపాటు ఎవరి పేరైనా చెప్పాడా అన్నది అడగండి. చెప్పాడంటే ఆ సాయంత్రమే ఆ పేరున్న ఇంటికి వెళ్లాలి మీరు.

సరే, ఇప్పుడు కాగితాలు పంచుతున్నారు. ఒక్కో బెంచీకి ఒక కేసు ఉంది, రాళ్లదో, కిటికీదో, బాలింతదో. నాలుగు గడులూ నింపండి. నాలుగోది ఖాళీగా ఇచ్చిన కాగితం వెనక్కి పంపేస్తాను. ఇరవై నిమిషాలు, తర్వాత టీ.